డీజిలు బండి ఉన్నట్టుండి బలము కోల్పోయినప్పుడు
(రైతుల యంత్ర శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నాగలి లాగుచున్న ఎద్దు నడి చాలులో ఆగిపోయినచో మనము ఏమి చేస్తాము? మొదట కాడి సరిగా ఉన్నదో లేదో చూస్తాము. మెడ మీద పుండు పడినదేమో, గిట్టలో ముల్లు దిగినదేమో చూస్తాము. ప్రొద్దున మేత తిన్నదా, నీరు త్రాగినదా అని అడుగుతాము. ఇవన్నీ అయిన తర్వాతనే వైద్యుని వద్దకు తోలుకొని పోతాము. డీజిలు బండి విషయములో మాత్రము మనకు ఈ ఓపిక ఉండదు. బండి గుంజుట లేదనగానే పంపు పోయినదని మనమే తీర్పు చెప్పి, పట్టణమునకు పంపి, పంపు విప్పించి, నాజిళ్ళు మార్పించి, డబ్బును రోజులను పోగొట్టుకొంటాము. తీరా బండి ఇంటికి వచ్చి అదే గట్టు దగ్గర అట్లే ఆగుతుంది.

నాలుగు చక్రములకును ఇంజను బలము అందే డీజిలు బండ్లను గురించి నేను ఈ రోజు మాట్లాడబోతున్నాను. మీరు ఫోర్ వీల్ జీపు అని పిలిచే బండి ఇదే. కాఫీ, మిరియాలు, పసుపు కొండల మీద నుండి దింపుకొనే ఏజెన్సీ రైతులకు ఈ బండి లేనిదే పని జరుగదు. వానకాలములో నల్లరేగడి దారులలో తిరిగేవారికిని అంతే. ట్రాక్టరు ఉన్నవారు తమకు సంబంధము లేదని అనుకోవద్దు. ఇంజను ఒకే జాతిది గనుక నేను చెప్పేదానిలో ఎక్కువ భాగము ట్రాక్టరుకును వర్తిస్తుంది.

ఒక సంగతి మొదటనే తేల్చుకొనవలెను. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బలము తగ్గుట వేరు. నిన్న ఎక్కిన గట్టును ఈ రోజు ఎక్కలేకపోవుట వేరు. మొదటిది ముసలితనము. రింగులు, వాల్వులు అరిగినవన్న మాట. దానిని గురించి ఈ రోజు చెప్పను. రెండవది ఎక్కువసార్లు ఒక గొట్టములోనో, ఒక ఫిల్టరులోనో, ఒక బిగింపులోనో దాగి ఉంటుంది. ఇంజను లోపల ఏమియు చెడి ఉండదు.

పాడేరుకు పైన ఒక గ్రామములో కాఫీ పండించే ఒక రైతు బండి సంగతి చెప్తాను. పాత తరహా పంపు ఉన్న జీపు. ప్రొద్దున ఒక్క చుట్టుకే స్టార్టు అయ్యేది. మూడు నాలుగు కిలోమీటర్లు హాయిగా ఎక్కేది. అక్కడి నుండి వెనుక ఎవరో తాడు కట్టి లాగినట్లు బలము జారిపోయి, మొదటి గేరులో కూడ కదలక ఆగిపోయేది. చుట్ట కాల్చుకొనేంతసేపు నిలిపితే మళ్ళీ మామూలే. మళ్ళీ నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ అదే తంతు. అది పండు కోతల కాలము. పండిన కాఫీ కాయలను కోసిన రోజే పల్పరులో వేసి తొక్క తీయవలెను. గోతములలో రాత్రి నిలువ ఉంటే పులిసి గింజ చెడుతుంది. అందుచేత బండి నిలిచిన ప్రతి రోజును అతనికి పంటలో నష్టమే. పట్టణములో పంపు విప్పించాడు, నాజిళ్ళు మార్పించాడు. తొమ్మిది రోజులు పోయినవి. తిరిగి వచ్చిన బండి మూడవ మలుపులోనే నిలిచినది. అప్పుడు నన్ను పిలిచినారు. నిజము చెప్పవలెనంటే నేనును మొదట పంపు సరిగా బిగించలేదేమో అన్నాను. ఆ మాట తప్పని తేలుటకు అరగంట పట్టినది. ఆ అరగంటలో ఏమి చేశామో చెప్పుటకు ముందు ఇంజను సంగతి రెండు మాటలు వినవలెను.

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనువలె నిప్పురవ్వ పెట్టే ప్లగ్గు లేదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరములో నడిపి చూపిన ఉపాయమే ఇప్పటికిని నడుస్తున్నది. సిలిండరులోకి పీల్చిన గాలిని పదహారు నుండి ఇరవై రెట్ల వరకు కుదిస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. కావలసినవి మూడే: చాలినంత గాలి, చాలినంత డీజిలు, మండిన తర్వాత పొగ బయటకు పోవు దారి. ఒక లీటరు డీజిలు మండుటకు సుమారు పది వేల లీటర్ల గాలి కావలెను. మన బండి డీజిలు కంటె గాలినే ఎక్కువ త్రాగుతుందని గుర్తు పెట్టుకొంటే సగము రోగములు అర్థమవుతాయి.

ఇంజను మీద చేయి వేయక ముందు, బలము ఇంజనులో పుట్టుట లేదా, లేక పుట్టినది దారిలో పోతున్నదా అని చూడవలెను. గట్టు మీద ఎక్సిలేటరు త్రొక్కినప్పుడు ఇంజను కూత పెరిగి బండి వేగము పెరుగకపోతే, కాలిన వాసన వస్తే, అది క్లచ్చి జారుట. ఇంజను మంచిదే. బండి సమతలము మీద న్యూట్రలులో ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు తోస్తే దొర్లకపోతే, లేక కొంత దూరము నడిపి ఆపినప్పుడు ఒక చక్రము మిగిలిన వాటికంటె వేడిగా ఉంటే, బ్రేకు పట్టుకొని ఉన్నది. వాగులు దాటిన బండ్లలో ఇది తరచు చూస్తాము. చక్రమును ముట్టుకోవద్దు, అరచేతి వెనుక భాగము దగ్గరగా పెట్టి చూస్తే చాలు.

ఇక ఫోర్ వీల్ బండికి మాత్రమే ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఇది చాలమందిని మోసగించింది. మామూలు ఫోర్ వీల్ జీపులో లివరు వేయగానే ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానికొకటి గట్టిగా ముడిపడతాయి. మలుపు తిరిగినప్పుడు ముందు చక్రములు తిరిగే దూరము వెనుక చక్రముల దూరము కంటె ఎక్కువ. బురదలో, ఇసుకలో చక్రము కొంత జారి ఆ తేడాను సర్దుకొంటుంది. పొడి తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద జారదు. అప్పుడు ఆ తేడా అంతయు తాడు పురి పెట్టినట్లు షాఫ్టులలో, గేర్లలో బిగుసుకొంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, బండి ఎవరో పట్టి ఆపినట్లు ఉంటుంది, లివరు వెనుకకు రాదు. డ్రైవరు దీనినే ఇంజను బలము పోయినదని అంటాడు. బండిని తిన్నగా నాలుగైదు మీటర్లు వెనుకకు నడిపితే ఆ బిగువు విడిపోయి లివరు వస్తుంది. లివరు తీసిన వెంటనే బండి తేలికపడితే మెకానిక్కు పని లేదు. ముందు ఒక సైజు, వెనుక ఒక సైజు టైర్లు వేసినను, ఒక జత బాగా అరిగి మరొక జత కొత్తవైనను, తిన్నని రోడ్డు మీద కూడ ఇదే జరుగుతుంది. ఫోర్ వీల్ ట్రాక్టరుకును ఇంతే. పొలము దాటి రోడ్డు ఎక్కగానే ముందు ఇరుసును విడదీయవలెను.

ఇవేవియు కానప్పుడు ఇంజను వద్దకు రండి. చాలమంది న్యూట్రలులో పెట్టి గట్టిగా రేసు ఇచ్చి, "చూడండి, బాగానే అరుస్తున్నది" అంటారు. ఈ పరీక్ష పనికిరాదు. బరువు లేనప్పుడు ఇంజనుకు కావలసిన డీజిలు కొంచెమే. సగము మూసుకొన్న గొట్టము గుండా కూడ అది వస్తుంది. బరువు మీద పడినప్పుడే కరువు బయటపడుతుంది. అందుచేత బండి ఏ గట్టు మీద, ఎంత బరువుతో, ఏ గేరులో ఓడిపోయినదో అక్కడనే దానిని పరీక్షించవలెను. ప్రక్కన ఒక మనిషిని కూర్చుండబెట్టి వెనుక వచ్చే పొగను చూడమనండి.

పొగ చాల సంగతులు చెప్తుంది. నల్లని పొగ దట్టముగా వస్తే డీజిలు వస్తున్నది, గాలి చాలుట లేదు. తెల్లని పొగ, కళ్ళు మండే వాసన ఉంటే డీజిలు మండకుండ వస్తున్నది, లేదా నీరు కలిసినది. నీలము కలిసిన పొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది నాలుగవది: బలము లేదు, పొగయు లేదు. అప్పుడు ఇంజనుకు డీజిలు అందుట లేదు. మన కాఫీ రైతు బండి ఈ నాలుగవ రకమే. తొమ్మిది రోజులలో ఎవరును దాని వెనుక నిలబడి చూడలేదు.

నల్లపొగ వచ్చినప్పుడు మొదట ఎయిరు ఫిల్టరు తీయండి. వరి నూర్చిన చోట, పత్తి పొలముల దారులలో ఒక్క వారములో అది దుమ్ముతో, నూగుతో నిండిపోవచ్చును. వాగులో నీరు లోతుగా ఉండగా దాటిన తర్వాత కాగితపు ఫిల్టరు తడిసి అట్టవలె అయినను గాలి రాదు. తడిసినదానిని ఎండబెట్టి వాడవద్దు. ఫిల్టరు లేకుండ నిమిషము నడిపి చూద్దామని కొందరు అంటారు. దుమ్ము లేని చోట, బండి నిలిపి మాత్రమే అట్లు చూడవచ్చును. దారి మీద నడుపకూడదు, ఇసుక రేణువులు సిలిండరును ఆకురాయివలె గీస్తాయి. ఫిల్టరు తర్వాత రబ్బరు గొట్టమును చేత్తో నొక్కి చూడండి. పైకి బాగున్నట్లే ఉండి లోపలి పొర ఊడి, ఇంజను పీల్చినప్పుడు గొట్టమునకు అడ్డము పడే సందర్భములు కలవు. బండి నిలిపినప్పుడు ఆ పొర మళ్ళీ గోడకు అంటుకొంటుంది గనుక తొందరగా చిక్కదు.

టర్బో ఉన్న బండ్లలో ఇంకొకటి. పొగ బయటకు పోయే ఊపుతో తిరిగే చిన్న చక్రము గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. ఆ ఒత్తిడి గాలి పోయే గొట్టము క్లిప్పు వదులై ఊడినచో, టప్పుమని చప్పుడు, ఆ తర్వాత ఎక్సిలేటరు త్రొక్కినప్పుడల్లా బుస్సుమని గాలి పోయే శబ్దము, వెనుక నల్లపొగ, బండిలో సగము బలము. క్లిప్పు బిగిస్తే తీరే రోగము ఇది. టర్బోను అదుపు చేసే పెన్సిలంత సన్నని రబ్బరు గొట్టము కూడ ఉంటుంది. పాకలో, ధాన్యము ప్రక్కన నిలిపే బండ్లలో ఎలుకలు దానిని కొరుకుతాయి. నేను చూచినవాటిలో మూడు బండ్లకు ఎలుకే కారణము. నాలుగవ దానికి ఉడుత అని యజమాని వాదించాడు, నేను కాదనలేదు.

కొండ ఎక్కినప్పుడు బలము కొంత తగ్గుట లోపము కాదని కూడ చెప్పవలెను. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున కలదు. అక్కడ గాలి సముద్రతీరము కంటె నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ళు పలుచన. టర్బో లేని ఇంజను ఆ మేరకు నీరసిస్తుంది. కాని అది ప్రతి రోజు ఒకే విధముగా ఉంటుంది, ఉన్నట్టుండి రాదు.

డీజిలు దారిని ట్యాంకు నుండి మొదలుపెట్టి ఇంజను వైపు నడవవలెను. పంపు నుండి వెనుకకు కాదు. మొదట ట్యాంకు మూత. ట్యాంకు నుండి డీజిలు పోయినకొద్దీ లోపలికి గాలి రావలెను. మూతలోని సన్నని రంధ్రము దుమ్ముతో మూసుకొంటే లోపల శూన్యము ఏర్పడి డీజిలు రాదు. బండి బలము పోయిన క్షణములో మూత తిప్పండి. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకొని, బండి వెంటనే బాగుపడితే కారణము దొరికినది. కాఫీ రైతు బండికి మొదట ఇది చూశాము. మూత మంచిదే.

తర్వాత ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మరను వదులు చేసి, ఒక గాజు సీసాలోకి కొంచెము డీజిలు వదిలి పది నిమిషములు నిలువనివ్వండి. నీరు డీజిలు కంటె బరువు గనుక అడుగున వేరుగా నిలుస్తుంది. చినుకులలో డ్రమ్ము నిటారుగా ఆరుబయట ఉంచేవారి డీజిలులో నీరు తప్పకుండ ఉంటుంది. డ్రమ్ము పై చట్టములో వాననీరు నిలిచి, రాత్రి చల్లబడినప్పుడు బిరడా సందులోనుండి లోపలికి పీల్చబడుతుంది. డ్రమ్మును నీడలో, కొంచెము వాలుగా పడుకోబెట్టి, అడుగున నాలుగు వేళ్ళ డీజిలు వదిలి పైభాగము నుండి మాత్రమే తీసుకొనవలెను. రాత్రి నిలిపే ముందు ట్యాంకు నింపుకొంటే లోపలి ఖాళీలో చెమ్మ పట్టదు.

మన రైతు సీసాలో నీరు లేదు. ఫిల్టరు కొత్తది. ఇక మిగిలినది ట్యాంకా, పంపా అని తేల్చుట. దీనికి పాత తరహా పంపు ఉన్న బండ్లలో మంచి ఉపాయము ఒకటి కలదు. అయిదు లీటర్ల శుభ్రమైన డబ్బా తీసుకొని, వడకట్టిన డీజిలు పోసి, సైలెన్సరు గొట్టమునకు దూరముగా, ఇంజను కంటె ఎత్తుగా కదలకుండ కట్టవలెను. ట్యాంకు నుండి వచ్చే గొట్టమును ఫీడు పంపు వద్ద విప్పి, దాని బదులు డబ్బా నుండి ఒక తెల్లని ప్లాస్టిక్కు గొట్టము తగిలించవలెను. మిగిలిన డీజిలు వెనుకకు వచ్చే గొట్టమును కూడ డబ్బాలోకే పెట్టవలెను. ఫిల్టరు మీది మరను వదులు చేసి, చేతి పంపు కొట్టుతూ బుడగలు పూర్తిగా ఆగేవరకు ఎయిరు తీసి బిగించవలెను. ఆ తర్వాత అదే బరువుతో అదే గట్టు ఎక్కించవలెను. బలము తిరిగి వస్తే లోపము ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య ఉన్నది. రాకపోతే ఫీడు పంపు నుండి ముందుకు ఉన్నది. తెల్లని గొట్టము వాడుటకు కారణము కలదు: దానిలో బుడగలు కనబడితే ఎక్కడో బిగింపు వదులై గాలి పట్టుతున్నది. పీల్చే వైపు గొట్టములో డీజిలు కారనవసరము లేదు. డీజిలు బయటకు రాకుండనే గాలి లోపలికి పోగలదు. "ఎక్కడా కారుట లేదు గదా" అన్న మాటకు అర్థము లేదు.

డబ్బా కట్టిన తర్వాత ఆ జీపు మూడవ మలుపు దాటినది, అయిదవది దాటినది, ఘాటు పైవరకు ఆగకుండ ఎక్కినది. దిగి వచ్చి ట్యాంకు దింపాము. డీజిలు వంపి, లోపల దీపము వేయకుండ (ఇది మరువవద్దు, బ్యాటరీ దీపమైనను బయటనుండే చూపవలెను) ఒక కర్రతో కెలికితే అరచేయంత గోనెపట్టా ముక్క వచ్చినది. డీజిలు డబ్బాకు బిరడా పోయి, మూతికి గోనెగుడ్డ కుక్కేవారట. ఒకనాడు ముక్క తెగి ట్యాంకులో పడినది. బండి నడిచేటప్పుడు పీల్పుకు అది వచ్చి గొట్టపు మూతికి అంటుకొంటుంది. ఇంజను ఆగగానే పీల్పు లేక ఊడి అడుగున పడుతుంది. అందుకే పది నిమిషములు నిలిపితే బాగుపడేది. "కొంత దూరము బాగు, తర్వాత నీరసము, నిలిపితే మళ్ళీ బాగు" అన్న లక్షణము విన్నప్పుడు ట్యాంకు లోపలనే మొదట అనుమానించండి. ఆకు, గుడ్డ, పాత పెయింటు పొర, ఏదైనను ఇదే ఆట ఆడుతుంది.

ఇప్పటివరకు చెప్పిన డబ్బా ఉపాయము కొత్త బండ్లకు పనికిరాదు. 1997 నుండి కార్లలోకి వచ్చిన కామన్ రైలు పద్ధతిలో డీజిలు ఒకే దళసరి గొట్టములో 1,600 నుండి 2,000 వరకు వాతావరణ పీడనములతో నిలువ ఉంటుంది. ఏ నాజిలు ఎప్పుడు తెరవవలెనో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజను నడుస్తుండగా ఈ గొట్టముల నట్టు వదులు చేయకూడదు. సూది మొనంత రంధ్రము నుండి వచ్చే డీజిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనబడుతుంది గాని లోపల కండ చచ్చిపోతుంది. అట్లు జరిగితే నొప్పి లేకపోయినను ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి, డీజిలు చొరబడినదని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను. కారుడు ఉన్నదేమో చూచుటకు చేయి కాక అట్టముక్క వాడవలెను.

ఈ బండ్లలో బలము తగ్గుట ఒక్కొక్కసారి చెడిపోవుట కాదు, జాగ్రత్తపడుట. ఏదైనా కొలత తప్పినట్లు తోస్తే కంప్యూటరు ఇంజనును కాపాడుటకు బలము తానే తగ్గించి, ముందున్న పలకలో పసుపు దీపము వెలిగిస్తుంది. మెకానిక్కులు దీనిని లింపు మోడు అంటారు. బండిని చోటు చూసి నిలిపి, తాళము తీసి, కొద్ది నిమిషముల తర్వాత మళ్ళీ స్టార్టు చేస్తే కొన్నిసార్లు సర్దుకొంటుంది. దీపము మళ్ళీ వస్తే కోడు చదివే పరికరము ఉన్న చోటికే పోవలెను; చెవితో చెప్పగలిగే రోగము కాదు. అయినను పోయే ముందు ఎయిరు ఫిల్టరు, టర్బో గొట్టము, డీజిలు ఫిల్టరులోని నీరు మీరే చూచుకొనండి. కోడు "ఒత్తిడి తక్కువ" అని మాత్రమే చెప్తుంది, ఎలుక కొరికినదని చెప్పదు.

2020 ఏప్రిలు నుండి అమ్ముచున్న బి.ఎస్. 6 బండ్లలో పొగ గొట్టములో మసిని పట్టే వడపోత ఉంటుంది. నిండిన మసిని బండి తనంతట తానే సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చివేసుకొంటుంది. దానికి రోడ్డు మీద కొంతసేపు ఆగని పరుగు కావలెను. మన బండ్లు పొలము నుండి కళ్ళమునకు, కళ్ళము నుండి ఇంటికి రెండేసి కిలోమీటర్లే తిరుగుతాయి. మసి కాలదు, వడపోత మూసుకొని బలము పడిపోతుంది. దీపము వెలిగిన మొదటి రోజే పుస్తకములో వ్రాసినట్లు ఇరవై ముప్పై నిమిషములు మంచి వేగముతో పెద్ద రోడ్డు మీద నడపండి. ఆ సమయములో గాని, ఆ వెంటనే గాని బండిని ఎండుగడ్డి మీద, గడ్డివాము ప్రక్కన నిలుపవద్దు. గొట్టము వేడికి గడ్డి అంటుకొంటుంది.

కొన్ని బండ్లకు డీజిలుతో పాటు నీలిమూత ఉన్న మరొక ట్యాంకు ఉంటుంది. దానిలో పోసేది నూటికి ముప్పై రెండున్నర పాళ్ళు స్వచ్ఛమైన యూరియా, మిగిలినది ఖనిజములు తీసిన నీరు. యూరియా అన్న మాట విని, ఇంట్లో బస్తా ఉన్నది గదా, నీటిలో కలిపి పోద్దామా అని ఒక యువరైతు నన్ను అడిగాడు. వద్దు. మన పొలముల యూరియా 2015 నుండి వేపనూనె పట్టించి వస్తున్నది. ఆ నూనె, అందులోని మలినములు, బావినీటిలోని సున్నము కలిసి ఆ సరంజామా అంతయు గడ్డకట్టించి పాడుచేస్తాయి. అది అయిపోయినప్పుడు కూడ బండి దీపముతో హెచ్చరించి బలము తగ్గిస్తుంది. సీలు ఉన్న డబ్బా కొని పోయవలెను.

వెంటనే ఆపవలసిన సందర్భములు మూడు కలవు, వీటిలో కారణము వెదకుచు నడుపకూడదు. వేడి ముల్లు ఎర్రగీత దాటితే ఆపండి; రేడియేటరు మూత చల్లారేవరకు విప్పవద్దు, మరిగే నీరు ముఖము మీదికి చిమ్ముతుంది. ఆయిలు దీపము వెలిగితే ఆ క్షణమే ఇంజను కట్టివేయండి. మూడవది అరుదు గాని భయంకరము: టర్బో చెడి, నీలిపొగ మబ్బువలె క్రమ్మి, ఎక్సిలేటరు వదిలినను ఇంజను దానంతట అది పెద్దగా అరవసాగితే, అది తన ఆయిలునే త్రాగి పరుగెత్తుతున్నది. తాళము తీసినను ఆగదు. బ్రేకు గట్టిగా త్రొక్కి, పై గేరు వేసి, క్లచ్చి వదలి ఇంజనును అణచవలెను. అది కుదరకపోతే అందరును దూరముగా పోవలెను. బోనెటు ఎత్తి తలపెట్టరాదు.

పరీక్షలు చేసేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. ఫిల్టరు, మూత, గొట్టము మూడును ఒకేసారి మార్చితే బండి బాగుపడవచ్చును గాని ఏది కారణమో తెలియదు. నెలకు మళ్ళీ వస్తే మళ్ళీ మూడును కొనవలసి ఉంటుంది. చక్రములకు రాళ్ళు పెట్టకుండ గట్టు మీద బండి క్రిందికి దూరవద్దు. బండిలో ఒక డీజిలు ఫిల్టరు, రెండు గొట్టపు క్లిప్పులు, రాగి వాషర్లు, ఒక గజము తెల్లని గొట్టము, సరియైన పానాలు, ఒక గాజు సీసా ఉంచుకొంటే చాలు.

మెకానిక్కు వద్దకు పోక తప్పనప్పుడు "పికప్పు లేదు" అని మాత్రము చెప్పి తాళము ఇచ్చి రావద్దు. ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వండి. స్టార్టు ఎట్లు అవుతున్నది, ఎంత దూరము తర్వాత బలము పోతున్నది, పొగ ఏ రంగు, నిలిపితే బాగుపడుతున్నదా, ఏ దీపము వెలిగినది, చివరిసారి డీజిలు ఎక్కడ పోయించారు, ఫిల్టరు ఎప్పుడు మార్చారు, మీరు ఏమేమి చూచి బాగున్నవని తేల్చారు. ఆ కాఫీ రైతు మొదటి రోజు "నిలిపితే బాగుపడుతున్నది" అన్న ఒక్క మాట వ్రాసి ఇచ్చి ఉంటే పంపు విప్పేవారు కారేమో.

భోజనముల తర్వాత బయట వేపచెట్టు క్రింద నిలిపిన జీపు దగ్గర కలుసుకొందాము. ప్రొద్దున నేను దానిలో ఒక లోపము పెట్టించి ఉంచాను. డ్రైవరుకు కూడ చెప్పలేదు. సీసా, తెల్లని గొట్టము, పానాలు బోనెటు మీద ఉన్నవి. నలుగురు నలుగురుగా వచ్చి వెదకండి. పంపు మీద మాత్రము ఎవరును చేయి వేయకూడదు.